రేడియేటర్‌కు పట్టిన పొట్టు

నలభై దాటేదాకా నాగరాజు ఏ మిషనూ ఎక్కి ఎరుగడు. ధర్మవరంలో పుట్టాడు, మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకునే పెద్దవాడయ్యాడు. వాళ్ల నాయన పట్టుచీరలు నేసేవాడు. నాయన పోయాక అదే గుంతలో కూర్చుని నాగరాజు నేశాడు. చేత్తో రోజుల తరబడి నేసే చీరను పక్క వీధిలో కరెంటు మగ్గం ఒక్క పూటలో దించేస్తుంటే కొన్నాళ్లు పంతానికి నేశాడు, కొన్నాళ్లు అలవాటుకు నేశాడు. ఆ తర్వాత పట్టు నూలు ఇచ్చే సేటే రావడం మానేశాడు. మగ్గం విప్పి అటక మీద పెట్టి, గుంత మీద బండలు పరిచి, దాని మీద మంచం వేశారు. భార్య మహేశ్వరి పక్కింట్లో కండెలు చుట్టడానికి పోయేది. నాగరాజు వీధి అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూసేవాడు.

అతన్ని అక్కణ్ణుంచి లేపింది రంగప్ప. మహేశ్వరి పుట్టిల్లు రొద్దం దగ్గర పల్లె. రంగప్పదీ అదే ఊరు. ఆమెను అక్కా అంటాడు కాబట్టి నాగరాజు అతనికి బావ. హిందూపురంలో ఎర్రప్ప అనే ఆసామికి కోత మిషను ఉంటే దాన్ని రంగప్ప నడిపేవాడు. మిషను మీద తోడు మనిషి కావాలని, పని పెద్ద కష్టమేమీ కాదని, రేడియేటర్‌ను శుభ్రంగా ఉంచితే చాలని చెప్పి తీసుకుపోయాడు.

పెద్ద కష్టం కాదన్నది అబద్ధమని నాగరాజుకు మొదటి రోజే తెలిసింది. కోత మిషను చేనులోకి దిగిందంటే దాని చుట్టూ దుమ్ము, పొట్టు, తెగిన ఆకు మబ్బులాగా లేస్తాయి. ఇంజను చల్లబడాలంటే గాలి కావాలి. ఫ్యాను ఆ గాలిని లోపలికి లాగేటప్పుడు పొట్టునూ లాగుతుంది. అది ముందు జల్లెడకు పడుతుంది, జల్లెడను దాటింది రేడియేటర్ రేకుల సందుల్లో ఇరుక్కుంటుంది. సందులు మూసుకుపోతే ఇంజను వేడెక్కుతుంది, ముందున్న వేడి మీటరు సూది ఎర్రగీత వైపు జరుగుతుంది. అప్పుడు మిషను ఆపి, ఇంజను కాస్త చల్లారనిచ్చి, జల్లెడ తీసి, గాలి పైపుతో లోపలి నుంచి బయటికి ఊదాలి. తొందరపడి నీళ్లు కొడితే పొట్టూ దుమ్మూ కలిసి అడుసై రేకుల మధ్య గట్టిపడుతుంది. మొదట్లో నాగరాజు ఆ పొరపాటు చేసి సగం పొద్దు దాన్ని గోకుతూ కూర్చున్నాడు. రంగప్ప నవ్వాడే గానీ తిట్టలేదు.

అయితే ఆ పనిలో ఒకటి నాగరాజుకు నచ్చింది. మగ్గానికి అచ్చు ఉంటుంది. పడుగు పోగులన్నీ దాని సన్నటి పళ్ల సందుల్లోంచే పోవాలి. ఒక్క పన్ను వంగినా చీర నిలువునా గీత పడుతుంది. రేడియేటర్ రేకులు చూడగానే అతనికి అచ్చే కళ్లముందు కనిపించింది. రాయి తగిలో, చెయ్యి తగిలో వంగిన రేకులను దబ్బనంతో ఒక్కొక్కటే సరిచేస్తూ కూర్చుంటే పోయిన పని ఏదో తిరిగొచ్చినట్టు ఉండేది. నోటికి, ముక్కుకు తడి తువ్వాలు చుట్టుకుని, పొట్టంతా ఒంటి మీద పడుతుంటే దురద ఓర్చుకుంటూ చేసేవాడు. మహేశ్వరి అతని దగ్గు విని మానేయమనేది. సీజను అయిపోనీ అనేవాడు. చెరువు కింద వరి అయ్యాక రాగి వచ్చేది, రాగి అయ్యాక మొక్కజొన్న. గోరంట్ల నుంచి పెనుకొండ, అక్కణ్ణుంచి హిందూపురం దాకా తిరుగుతూ కొన్నేళ్లు గడిచిపోయాయి. ఎవరి చేనులో దిగినా అన్నం పెట్టేవాళ్లు. అరుగు మీద కూర్చున్న రోజులతో పోలిస్తే అతను బాగానే ఉన్నట్టు.

పెనుకొండ నుంచి గోరంట్ల పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి పోతే వచ్చే ఒక పల్లెలో కుళ్ళాయమ్మ, సోమక్క అనే అక్కాచెల్లెళ్లు ఉండేవాళ్లు. అన్నదమ్ములను చేసుకుని ఒకే ఇంటికి కోడళ్లుగా వచ్చారు. మొగుళ్లిద్దరూ పోయాక కూడా పొత్తు విడిపోలేదు, చేను పంచుకోలేదు. కుళ్ళాయమ్మ మాట తక్కువ మనిషి, పొలం పెత్తనమంతా ఆమెది. సోమక్కకు నోరు ఊరుకోదు, వంటా ఆవూ దూడా ఆమెవి. ఏటా ఆ చేను కోసేది రంగప్ప మిషనే. తువ్వాలు చుట్టుకున్న నాగరాజును చూసి ప్రతి ఏడూ సోమక్క ఒకే మాట అనేది.

"ఏమప్పా, దొంగోని మాదిరి మొగం కట్టుకోని వస్తాండావే. మా ఇంట్ల ఏమి ఎత్తకపోతావు?"

ఆ ఏడు మొక్కజొన్న కోతకు మిషను ఆలస్యంగా వచ్చింది. ఎర్రప్ప ముందు పెద్ద చేలన్నీ ఒప్పుకుని, చిన్న చేలను వెనక్కి నెట్టాడు. కార్తీకం ముగిసే రోజులవి. సొప్ప ఎండి ఎండి, చేత్తో పట్టుకుంటే పొడి అయ్యేటట్టుంది. తుఫాను వస్తోందని ఫోన్లలో అందరికీ మెసేజీలు వచ్చాయి. ఎండ ఒక పక్క కాస్తూనే ఉంది, తూర్పున మోడం నల్లగా పేరుకుంటోంది, గాలి ఎదురులేకుండా వీస్తోంది. ఊళ్లో అందరూ ముందు మాది ముందు మాది అని మిషను చుట్టూ మూగారు. పొద్దున నుంచి ఒక చేను వెంట ఒక చేను కోస్తూనే ఉన్నారు. మధ్యాహ్నం అన్నం తిన్నాక అక్కాచెల్లెళ్ల చేనులో దిగారు.

సగానికి పైగా కోశాక సూది పైకి జరగడం రంగప్ప చూశాడు. నాగరాజు వెనక్కి వంగి జల్లెడ చూశాడు. మొక్కజొన్న పీచు దాని మీద గొంగడి కప్పినట్టు పట్టుకుని ఉంది. సైలెన్సర్ చుట్టూ కూడా ఎండు పొట్టు కుప్పలుగా పేరుకుంది.

"ఆపు రంగప్పా," అన్నాడు. "ఊదుకోని పోదాం. సైలెన్సర్ కాడ గూడా శానా పడినాది."

రంగప్ప మిషను ఆపాడు. ఆగిన చప్పుడు విని గట్టు మీద నిలబడ్డ కుళ్ళాయమ్మ పరుగులాంటి నడకతో వచ్చింది. ఎందుకు ఆపారని అడిగింది. నాగరాజు చెప్పాడు. ఆమె తూర్పు వైపు చూసింది. పోయినేడు పక్క ఊళ్లో ఇట్లాగే ఆగి, వాన పడి, కంకులు చెట్టు మీదే మొలకెత్తిన సంగతి అక్కడున్న ముగ్గురికీ తెలుసు. ఆ చేను కోయడానికి తర్వాత పోయి, కోయకుండా వెనక్కి తిరిగింది కూడా రంగప్ప, నాగరాజులే.

"ఆ మిగిలింది కానిచ్చి ఆపండి నాయనా. మీరు దాన్ని ఊది తుడిసేలోగా పైనుంచి పడ్తాది. నీకు దండం పెడ్తా నాగరాజూ, ఇప్పుడు ఆపొద్దు."

రంగప్ప నాగరాజు వైపు చూశాడు. "నువ్వెట్లంటే అట్ల బావా. ఊ అంటే మిగిలింది కోసేస్తా."

కుళ్ళాయమ్మ అట్లా ఎప్పుడూ ఎవరినీ బతిమాలి ఉండదు. నాగరాజు జల్లెడ వైపు ఇంకోసారి చూశాడు. చేత్తో అందినంత పీచు లాగి కింద పారేశాడు. మిగిలింది కొద్ది చేనే. ఇంతకంటే ఎక్కువ పట్టినప్పుడు కూడా నడిచిన రోజులు ఉన్నాయి.

"సరే పద," అన్నాడు. "ఇది అయిపోతానే ఆపాల."

అవతలి గట్టు దగ్గర మిషను మళ్లించేటప్పుడు పొగ వాసన వచ్చింది. నాగరాజు తిరిగి చూసేసరికి సైలెన్సర్ మీది పొట్టు కణకణమంటోంది. గాలి ఒక్కసారి కొట్టగానే ఆ నిప్పులు లేచి ఎండు సొప్ప మీద పడ్డాయి. మిషను మీదున్న నిప్పు ఆర్పే డబ్బా నొక్కితే కాస్త పొడి రాలి ఆగిపోయింది. నీళ్ల క్యాను కుమ్మరించాడు. తువ్వాలు విప్పి కొట్టాడు. రంగప్ప మిషనును పక్కనున్న దున్నిన చేనులోకి తిప్పాలని చూశాడు. అది కదిలినంత దూరం నిప్పు రాల్చుకుంటూ పోయింది. ఇక లాభం లేదని ఇద్దరూ దూకేశారు. అప్పటికే మంట గాలి వెంట మనిషి పరుగుకన్నా వేగంగా పోతోంది.

చేను చివర, మంట పోయే వైపు, ఆవును మేకుకు కట్టేసి ఉంది. అందరూ వెనక్కి ఉరుకుతుంటే సోమక్క ముందుకు ఉరికింది. కుళ్ళాయమ్మ చెల్లెలి పేరు పెట్టి అరిచింది. నాగరాజు పక్క నుంచి చుట్టూ తిరిగి పోవాలని చూశాడు గానీ పొగకు కళ్లు తెరవలేకపోయాడు. ఆవు పలుపు తెంచుకోలేదు, ఎవరో విప్పారు. అది తోక పైకెత్తి పొగలోంచి బయటికి వచ్చి రోడ్డు వైపు పరుగు తీసింది. సోమక్క రాలేదు.

గాలి మళ్లి మంట రోడ్డు దగ్గర ఆగాక ఆమెను తెచ్చారు. ఆమెను చాప మీద పడుకోబెట్టింది నాగరాజే. తెలివి ఉంది. ఆవు బయటపడిందా అని అడిగింది. బయటపడిందని చెప్పాడు. హిందూపురం ఆసుపత్రికి తీసుకుపోతే చూసి, కట్లు కట్టి, అనంతపురం పంపించారు. దారిలోనే ప్రాణం పోయింది. తుఫాను రాలేదు. మబ్బు అట్లాగే కదిరి మీదుగా వెళ్లిపోయింది. ఆ రోజూ మరుసటి రోజూ ఒక్క చినుకు పడలేదు.

స్టేషనులో ఎస్సై నాగరాజును పిలిచి కూర్చోబెట్టాడు. రేడియేటర్ శుభ్రం చేసే పని ఎవరిదన్నాడు. నాదే అన్నాడు నాగరాజు. అయితే ఎందుకు చేయలేదన్నాడు. ఆ ప్రశ్న వస్తుందని నాగరాజు రాత్రంతా అనుకుంటూనే ఉన్నాడు. ఆపుదామని తాను అన్నాడు. ఆపొద్దని కుళ్ళాయమ్మ అంది. ఆ రెండు మాటలూ నిజమే. కానీ అవి ఇక్కడ చెబితే, ఊరికి చేరేసరికి, చెల్లెలిని అక్కే చంపుకుందని తేలుతుంది. ఇల్లంతా ఖాళీ అయిన మనిషి నెత్తిన ఇంకా ఆ మాట కూడా పెట్టాలా? పైగా సరే పద అన్నది తన నోరే కదా.

"మర్సిపోయినా సార్," అన్నాడు. "చూసుకోల్యా."

రంగప్ప గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. తల ఎత్తలేదు. అతన్ని అడిగినప్పుడు, తాను స్టీరింగు పట్టుకుని ముందుకు చూస్తున్నానని, వెనక సంగతి తెలియదని చెప్పాడు. నాగరాజు మీద కేసు కట్టారు. బెయిలు మీద ఇంటికి వచ్చినప్పుడు రంగప్ప ధర్మవరం దాకా తోడు వచ్చాడు గానీ లోపలికి రాలేదు. వాకిట్లోనే నిలబడి, ఒకసారి చేతులు పట్టుకుని వెళ్లిపోయాడు. తర్వాత ఇంకో ఆసామి మిషను మీద చేరాడు. ఫోను చేయడం మానేశాడు.

మహేశ్వరికి మాత్రం నాగరాజు జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"కుళ్ళాయమ్మను కాపాడినా అనుకుంటాండావు," అంది మహేశ్వరి. "అడిగినావా ఆమెను?"

అడగలేదు. అడిగే ముఖం అతనికి లేదు. సోమక్క కర్మ అయిన రోజు దూరంగా చింతచెట్ల దగ్గర నిలబడి చూసి వచ్చేశాడు. తాను చేసింది తనకు నష్టమే అయినా కుళ్ళాయమ్మకు మేలే జరిగి ఉంటుందని, ఆ ఒక్కటి పట్టుకుని రోజులు నెట్టాడు. కోత మిషన్ల వాళ్లెవరూ అతన్ని రమ్మనలేదు. పిలిచినా పోయేవాడు కాదు. వీధిలో ఎవరైనా ఆకులు ఊడ్చి నిప్పు పెడితే లేచి లోపలికి పోయేవాడు. చివరికి ఒక కరెంటు మగ్గాల షెడ్డులో ఊడ్చే పనికి కుదిరాడు. తన మగ్గాన్ని అటక ఎక్కించిన చప్పుడు ఇప్పుడు పొద్దస్తమానం వినాల్సి వచ్చింది.

ఎండాకాలం వచ్చాక కుళ్ళాయమ్మే కబురు పెట్టింది, ఒకసారి వచ్చిపొమ్మని. నాగరాజు పెనుకొండలో బస్సు మారి ఆ పల్లెకు పోయాడు. చేను దున్నకుండా పడి ఉంది. ఆమె పంచలో కూర్చుని ఉంది. మనిషి సగమైంది. కూర్చోమంది. నీళ్లు ఇచ్చింది. తర్వాత, ఆమె అంతకుముందెప్పుడూ మాట్లాడనంతగా మాట్లాడింది.

ఎస్సై దగ్గరికి తాను రెండుసార్లు పోయానని చెప్పింది. ఆపొద్దన్నది నేనే అని చెప్పబోతే, ఆయన మంచిగానే, నువ్వు బాధలో ఉండావు ఇంటికి పో అమ్మా, వాడే ఒప్పుకున్నాడు కదా అన్నాడట. ఊళ్లో ఆడవాళ్లు ఓదార్చడానికి వచ్చిన ప్రతిసారీ నాగరాజును తిట్టి పోతారట. పొద్దున ఒకరు, మాపటికి ఒకరు. వాడి చేతులు పడిపోను అంటారట. అదంతా తాను కూర్చుని వినాలట.

నాగరాజు తాను అనుకుని వచ్చిన అబద్ధమే చెప్పాడు. "మిషను సప్పుడుకు నీ మాట నాకు ఇనపడల్యా పెద్దమ్మా. నేనే ఆపల్యా."

ఆమె అతని ముఖంలోకి చూసింది.

"మిషను ఆగి ఉన్నప్పుడు నేను అనింది. సప్పుడు యాడిది?" అంది. "ఏడ్సేదానికి గూడా నాకు దావ ల్యాకుండా చేస్తివి నాయనా. ఎవురి కాడ ఏడ్సాల నేను? సోమక్కను నేను చంపితినని చెప్తే ఒగరూ నమ్మరు."

తాను నిజంగా చేసిందేమిటో నాగరాజుకు అప్పుడు తెలిసింది. ఆమె బరువు దించాననుకున్నాడు. దించలేదు. ఆ బరువు ఉందని ఆమె ఎవరికీ చూపించలేకుండా చేశాడు, అంతే. తల వంచుకుని, ఊళ్లో అందరి ముందూ నిజం చెబుతానన్నాడు. ఆమె వద్దనలేదు.

ఆ సాయంత్రమే చెప్పాడు. పాల డెయిరీ దగ్గర ఊరివాళ్లు క్యాన్లు పట్టుకుని నిలబడి ఉంటే, ఆమె పక్కన నిలబడి, ఉన్నదంతా చెప్పాడు. విన్నవాళ్లు ముందు అర్థం కానట్టు చూశారు. తర్వాత తిమ్మరాజు అనే ఆసామి ముందుకు వచ్చాడు. ఆ మంటలో అతని చేను గట్టు, డ్రిప్పు పైపులు కూడా కాలిపోయాయి. కోర్టులో కేసు గట్టిపడేసరికి ముసలామె దగ్గరికి వచ్చి ఏడ్చి, తప్పు ఆమె తన నెత్తిన వేసుకునేటట్టు చేస్తున్నావా అని నిలదీశాడు. నాగరాజు కాదన్నాడు. అయితే స్టేషనులో మరిచిపోయానని ఎందుకు చెప్పావన్నాడు. కుళ్ళాయమ్మ, నిజమే, ఆపొద్దని నేనే అన్నాను, అని గొంతు పెంచి చెప్పింది. ఆడవాళ్లు ఆమె భుజం పట్టుకున్నారు. సోమక్క పోయినప్పటి నుంచి ఆమెకు మతి సరిగా లేదని, పాపం ఎవరేం చెబితే అది అంటుందని ఒకరితో ఒకరు చెప్పుకుంటూ ఆమెను మెల్లగా ఇంటికి నడిపించుకుపోయారు. ఆమె వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ పోయింది. మళ్లీ ఈ ఊళ్లో అడుగు పెట్టొద్దని నాగరాజును రోడ్డు దాకా తరిమారు. ఎవరూ కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదని అతనికి అనిపించింది.

నాగరాజు తరఫు వకీలు కూడా అలాంటి మాటే అన్నాడు. ఇప్పుడు మాట మారిస్తే తప్పించుకోవడానికి మార్చాడంటారని, ఆమెను సాక్షిగా పిలిస్తే అవతలివాళ్లు ఆమె మతి గురించి అడిగి అందరి ముందూ అల్లరి చేస్తారని, మొదట చెప్పిందే ఉండనివ్వమన్నాడు. నాగరాజు ఇంటికి వచ్చి మహేశ్వరికి చెప్పాడు. ఆమె చుడుతున్న కండె పక్కన పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని, మళ్లీ తీసుకుంది.

కేసు ఇంకా నడుస్తోంది. వాయిదా ఉన్న రోజు నాగరాజు షెడ్డులో సెలవు చెప్పి, పొద్దున్నే బస్సెక్కి పెనుకొండ కోర్టుకు పోతాడు. ఎట్లా తెలుసుకుంటుందో గానీ ప్రతి వాయిదాకూ కుళ్ళాయమ్మ వస్తుంది. ఆమెకు సమన్లు లేవు, ఆమెతో కోర్టుకు పని లేదు. వరండాలో బెంచీ మీద అతని పక్కన కూర్చుంటుంది. మధ్యాహ్నం సంచిలోంచి రొట్టె తీసి సగం అతనికి ఇస్తుంది, అతను తింటాడు. లోపలి నుంచి నాగరాజు పేరు పిలిచినప్పుడు అతనితోపాటు ఆమె కూడా లేస్తుంది.

"నిన్ను కాదమ్మా, కూర్చో," అంటాడు బంట్రోతు.

ఆమె కాసేపు నిలబడి, మళ్లీ కూర్చుంటుంది.